శనివారం వాకిట్లో ఇనుప టబ్బు

నేను అమ్మిన స్నానాల టబ్బుల్లో ఇప్పుడు ఏమేం ఉన్నాయో నాకు చాలావరకు తెలుసు. ఒకదాంట్లో ఉల్లిగడ్డలున్నాయి. ఒకదాంట్లో పెళ్ళిలో వచ్చిన స్టీలు గిన్నెలు, వాటి మీద ఒక పాత దుప్పటి. సాగర్ రోడ్డు పక్కన ఒక డూప్లెక్సులోని టబ్బులో వాళ్ళ కుక్క ఈని పిల్లల్ని పెట్టింది. టబ్బును దాని ఉద్దేశానికి కాస్త దగ్గరగా వాడింది అదేననాలి, కనీసం అందులో పడుకుంది. నిజంగా స్నానం చేస్తున్నవాళ్ళు కూడా ఉండే ఉంటారు. వాళ్ళెవరూ ఫిర్యాదు చేయడానికి రాలేదు కాబట్టి నాకు తెలియదు.

ఇబ్రహీంపట్నంలో ఒక టైల్స్, శానిటరీ షోరూంలో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. ఆ చదువు ఉద్యోగంలో ఒకే ఒక్కసారి పనికొచ్చింది, బాత్రూం యాసిడ్ సీసా మూత ముక్కుకు దూరంగా తీయమని ఒకాయనకు చెప్పినప్పుడు. నా హోదా సేల్స్ మేనేజర్. మేనేజ్ చేయడానికి సేల్స్ ఉండేవి కానీ మనుషులు ఉండేవాళ్ళు కాదు. ఇప్పుడు కౌంటర్ల వెనక కొత్తగా నిలబడుతున్న పిల్లలు ఎక్కడన్నా కనబడితే అడుగుతుంటారు, "సార్, కస్టమర్‌కు ఏ మెటీరియల్ మంచిదని చెప్పాలె?" అని. దానికి జవాబుగా చెప్పడానికి నా దగ్గర ఒక ఇంటి సంగతి మాత్రం ఉంది.

ఆదిభట్లకు కంపెనీలు వచ్చాక మా చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త ఇళ్ళు లేచాయి. కొత్త ఇంటికి టబ్బు అంటే పెళ్ళికి బ్యాండు లాంటిది. వినడానికి ఎవరూ రారు, లేకపోతే మాత్రం ఎందుకు లేదని అడుగుతారు. మా యజమానిని మేమంతా సేటు అని పిలిచేవాళ్ళం. ఆయనకు ఏ వస్తువునైనా వేలి కణుపులతో కొట్టి అమ్మడం అలవాటు. తర్బూజ కాయను కొట్టినట్టు టైలును కొట్టేవాడు, వాష్‌బేసిన్‌ను కొట్టేవాడు, చెవి దగ్గర పెట్టి "విన్నవా?" అనేవాడు. కస్టమర్ ఏం విన్నాడో తెలియదు కానీ, వినలేదంటే చిన్నతనమని తల ఊపేవాడు. అమ్మకం అక్కడే అయిపోయేది.

ఇంకొకరు మా మేస్త్రి. తాపీ పని, పైపుల పని రెండూ ఆయనవే. చేతిలో మంచి పనితనం ఉంది, నోట్లో ఒకే మాట ఉంది: "లీకైతది సారూ." ఏ వస్తువు చూపించినా అదే. తన కూతురి పెళ్ళికి వేసిన పందిరి చూసి కూడా అదే అన్నాడు. ఆ రోజు వాన పడింది కూడా. అప్పటినుంచి ఆయన మాటకు విలువ పెరిగింది.

ఆ కుటుంబం ఒక మధ్యాహ్నం షోరూంకు వచ్చింది. పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు. చేపలు పట్టే ఇల్లు. కొడుకు ఆదిభట్లలో విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో పని, కంపెనీ బస్సులో పోయి వస్తాడు. కొత్త ఇల్లు పూర్తి కావస్తోంది, బాత్రూం ఒక్కటి మిగిలింది. పెద్దమ్మ కర్ర పట్టుకుని మెల్లగా లోపలికి వచ్చి, కూర్చోవడానికి ఏదీ కనబడక, వరుసగా పెట్టిన కమోడ్లలో మొదటిదాని మూత మీద కూర్చుంది. మా షోరూంలో అది మామూలే. మా దగ్గర కుర్చీలు రెండే, రెండూ సేటువి.

పెద్దాయన నన్ను పక్కకు తీసుకుపోయాడు.

"దానికి మోకాళ్ళు అరిగిపోయినయి సారూ. దవాఖానల సూపిస్తె గోరువెచ్చని నీళ్ళల్ల కూసోవెట్టుమన్నరు. చెరువుకు తీస్కపోదామంటె కట్ట దిగలేదు."

"ఇంతకుముందు దిగేదా?"

"దిగుడా!" పెద్దాయన నవ్వాడు. "మా దిక్కు ఆడోళ్ళు చేపలు అమ్ముతరు గని పట్టనీకి రారు. ఇది వచ్చేది. నేను వల పట్టుకోని నిలవడితె, ఇది అవతలి దిక్కుకెల్లి నీళ్ళు చేతుల్తోని చప్ చప్‌మని కొట్టుకుంట చేపల్ని వల దిక్కు తోలేది. అట్ల కొట్టేటోళ్ళు మళ్ళ నాకు దొర్కలే." నవ్వు ఆగిపోయింది. "నీళ్ళల్లకెల్లి బయటికొచ్చిన కాడికెల్లి మాట బంద్ చేసింది సారూ. అన్నం తిన్నవా అంటె ఊ అంటది. నొప్పా అంటె ఊ అంటది. ఇంట్ల ఉంటది గని లేనట్టె. జర మంచి టబ్బు సూడు. నీళ్ళల్ల ఏస్తె మనిషి మళ్ళ మనిషైతది."

నేను అప్పటికి చాలామందికి చాలా టబ్బులు చూపించాను. హోదా కోసం కొన్నవాళ్ళు, పక్కింటివాళ్ళ కోసం కొన్నవాళ్ళు, వాస్తు ప్రకారం ఒక మూల ఖాళీగా ఉందని కొన్నవాళ్ళు. పెళ్ళాం నోట మాట తెప్పించడానికి టబ్బు అడిగిన మనిషి ఈయనొక్కడే. అందుకని నాకు తెలిసినదంతా శ్రద్ధగా చెప్పాను. అక్రిలిక్ తేలిక, ముట్టుకుంటే చల్లగా తగలదు, గీతలు పడతాయి. ఫైబర్ చవక, కొన్నాళ్ళకు రంగు పోతుంది. స్టీలు మీద నీళ్ళు పడితే ఇల్లంతా వినబడుతుంది. పోత ఇనుము మీద తెల్లటి ఎనామిల్ పూత వేసింది అన్నిటికన్నా బరువు, కానీ ఒకసారి వేడెక్కితే నీళ్ళ వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది.

అంతే, ఇల్లు మూడు పార్టీలుగా చీలిపోయింది.

"బాపూ, మేం విమానం భాగాలు ఫైబర్‌తోనే చేస్తం," అన్నాడు కొడుకు. "గాలిల పోయేదానికి సరిపోంగ బాత్రూంల ఉండేదానికి సరిపోదా?"

"మీ విమానంల ఎవరన్న తానం చేస్తరారా?"

"అన్నా, గీ అక్రిలిక్ మెత్తగున్నది," అంది కోడలు నాతో. "ఇనుము మీద అత్తమ్మ జారి పడితె ఏంగావాలె?"

"ఇనుము ఇనుమే బిడ్డా," అన్నాడు పెద్దాయన. "నీళ్ళు సల్లారద్దు. గదీ ముచ్చట."

మేస్త్రి ఒక మూల నిలబడి అన్నాడు, "లీకైతది."

"పోత ఇనుము ఎట్ల లీకైతదయ్యా?" అన్నాను.

"ఇనుము గాదు సారూ, దాని కింద పైపు. లీకైనంక గంత బరువు ఎత్తి సూసుడు ఎవ్వల్తోని గాదు."

చర్చ చేయి దాటుతోందని సేటు రంగంలోకి దిగాడు. ఇనుప టబ్బును కణుపులతో కొట్టాడు. గుడిగంటలాగా మోగింది. "విన్నరా?" అన్నాడు. ఎవరూ కాదనలేదు. అంతటితో ఆగితే బాగుండేది. ఎలా వాడాలో చూపిస్తానని చెప్పులు విప్పి టబ్బులోకి దిగి వెల్లకిలా పడుకున్నాడు. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు. "గిట్ల. పరేషాన్ లేదు, ఫికర్ లేదు."

కమోడ్ మీద కూర్చున్న పెద్దమ్మ ఆయన్ని ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది. "రామ రామ," అనుకుంది నెమ్మదిగా.

"అత్తమ్మకు సిగ్గు," అంది కోడలు.

మేమూ అలాగే అనుకున్నాం. పెద్దాయన మాట నెగ్గింది. ఇనుప టబ్బు ఖాయమైంది.

దాన్ని వాళ్ళింటికి పంపింది శనివారం. ట్రాలీ ఖాళీగా ఉంది కాబట్టి సేటు పంపించాడు, అంతకుమించి ఆలోచన లేదు. ఫిట్టింగ్ దగ్గరుండి చూడమని నన్నూ, మేస్త్రినీ వెనకే పంపాడు. హమాలీలు టబ్బును దించి, ఆయాసపడుతూ ఇంటి ముందు వాకిట్లో పెట్టి గడప వైపు కదలబోతుంటే, పెద్దాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇయ్యాల శనారం. ఇనుము ఇంట్లకు రావద్దు."

నేను సేటుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "పైన ఎనామిల్ ఉన్నది గద పెద్దాయనా," అన్నాడు సేటు. "ఇనుము యాడ కనవడ్తది?"

"నీకు కనవడది. శనికి కనవడ్తది."

నేను చదివిన కెమిస్ట్రీలో శని పాఠం లేదు. మళ్ళీ ట్రాలీ ఎక్కించడానికి హమాలీలు ఒప్పుకోలేదు. వాళ్ళు ఒప్పుకోకపోవడాన్ని నేను తప్పు పట్టను, నేనూ ఒక చివర పట్టుకున్నాను కాబట్టి. చివరికి రెండు చెక్కల మీద టబ్బును వాకిట్లోనే ఉంచి, ఆదివారం లోపల పెట్టాలని తీర్మానం అయింది. రేపటిదాకా దుమ్ము ఎందుకు, కడిగి పెడదామని కోడలు వాకిట్లోని పొయ్యి మీద పెద్ద గుండిగలో నీళ్ళు కాగబెట్టింది. కొడుకు సెలవు పెట్టాడు, వాడూ అక్కడే ఉన్నాడు. ఇరుగుపొరుగు నలుగురూ చేరారు.

ఇంటి ముందు జనం. పొయ్యి మీద నీళ్ళు. మధ్యలో మనిషి పొడుగు తొట్టి. పొగ చూసి రెండిళ్ళ అవతలి ముసలామె కొంగు సర్దుకుంటూ పరుగున వచ్చింది.

"అయ్యో, ఏమాయెనే? ఎప్పుడాయె? ముసలోడు పొద్దుగాల్ల మంచిగనే నడుసుకుంట పోయిండు గదనే!"

"ఈడనే ఉన్న," అన్నాడు పెద్దాయన ఆమె వెనకనుంచి.

ఆమె తిరిగి చూసి, ఒక క్షణం కాస్త నిరాశపడినట్టే కనిపించింది. అందరం నవ్వాం. పెద్దాయన కూడా నవ్వాడు. అప్పుడే పెద్దమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె మాత్రం నవ్వలేదు. కర్ర చాపి టబ్బు అంచును ఒక్కసారి తట్టింది. సేటు కొట్టినప్పటి మోతే. ఆమెకు వేరేలా వినిపించినట్టుంది.

"నన్ను వాకిట్ల పండవెట్టి నీళ్ళు పోస్తరా?" అంది.

కర్రతో పొయ్యి మీది గుండిగను చూపించి మళ్ళీ అందుకుంది.

"పండవెట్టి పోసేది పీనుగకే. మా అత్తకు గీ వాకిట్లనే పోసిన. మా అవ్వకు నేనే పోసిన. బతికున్నోళ్ళు కూసోని పోసుకుంటరు, లేదంటె నిలవడి పోసుకుంటరు. నాకు గా దినం ఇంక రాలే."

"అయ్యో అమ్మా, టీవీల సూడలేవా?" అన్నాడు కొడుకు. "సబ్బు నురగల పిల్ల హాయిగ పండుకోని ఉంటది."

"దాని మోకాళ్ళు మంచిగున్నయి. లేస్తది. అండ్ల నేను పండుకుంటె లేపనీకి నలుగురు రావాలె. వాళ్ళను ఇప్పటికెల్లే పిలుస్తరా?"

మేస్త్రి తల వంచుకున్నాడు. నేను షోరూంలో చెప్పిన అక్రిలిక్, ఫైబర్, స్టీలు, ఇనుము అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. వాటి గుణాలన్నీ వేరు వేరే. ఆమె లెక్కలో మాత్రం అన్నీ ఒకటే, అన్నిట్లోనూ పడుకోవాల్సిందే.

పెద్దాయన అరుగు దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. "మరి గప్పుడే చెప్పకపోయినవా?"

"ఎవలడిగిండ్రు? ఇనుమా పిలాస్టికా అని మీరు మీరు కొట్లాడుకుంటిరి. మీ సేటు చచ్చి చూపిచ్చె." ఆమె నావైపు తిరిగింది. "ఏం సారూ, నీకు గిరాకీ మీదున్న సోయి మనిషి మీద లేకపాయె."

ఎన్నాళ్ళుగానో మాట బంద్ చేసిన మనిషి అన్ని మాటలు ఒక్కసారి అనేసరికి కొడుకూ కోడలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు తిట్టు తగలాలి, కానీ పెద్దాయన ముఖం చూస్తే తగల్లేదు. పండగ వచ్చినట్టుంది ఆ ముఖంలో. ఇంకో రెండు తిట్టించుకోమన్నట్టు నావైపు చూశాడు.

"మరి నీకెట్లుండాలె పెద్దమ్మా?" అని అడిగాను. కస్టమర్‌ను ఈ ప్రశ్న అడగాలని మాకు ఎవరూ నేర్పలేదు. ఏ మోడల్ కావాలి, ఏ రంగు కావాలి, అంతవరకే.

ఆమె కర్రతో చెరువు వైపు చూపించింది. "తూము కాడ ఒక బండ ఉంటది. దాని మీద కూసుంటె నీళ్ళు ఈడిదాంక వస్తయి." మెడ కింద చేయి పెట్టి చూపించింది. "కాళ్ళు కింద ఏలాడ్తయి. బరువుండది. చేతులు ఆడిచ్చనీకి జాగ ఉంటది."

దవాఖానలో చెప్పింది నాకప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళల్లో కూర్చోబెట్టమనే అన్నారు. పడుకోబెట్టమని ఎవరూ అనలేదు.

మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు. "కట్టొచ్చు," అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం నేను మొదటిసారి విన్నాను. వెంటనే సర్దుకుని "లీకైతది గని," అని కలిపాడు.

బాత్రూంలో ఒక మూల నేలను లోతుగా తవ్వి ఇటుక, సిమెంటుతో తొట్టి కట్టాలి. అంచు కుర్చీ ఎత్తున, వెడల్పుగా. ఆమె బయటినుంచి అంచు మీద కూర్చుని, ఒక్కొక్క కాలూ లోపలికి తిప్పుకోవాలి. లోపల దిగడానికి చిన్న మెట్లు, కింది మెట్టు మీద కూర్చుంటే మెడ దాకా నీళ్ళు. గోడకు పట్టుకునే కడ్డీ. ఇదంతా మేస్త్రి అక్కడే వాకిట్లో కట్టెపుల్లతో గీశాడు. పెద్దమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె ఎత్తు కొలుచుకున్నాడు. మిగిలింది ఒకటే ప్రశ్న, కూర్చునే ఆ మెట్టు మీద ఏ రాయి వేయాలి. మళ్ళీ కొడుకు నోరు తెరవబోతుంటే కోడలు వాడి చేయి నొక్కింది.

ఆ తరవాత పెద్దమ్మ మళ్ళీ షోరూంకు వచ్చింది. అదే కమోడ్ మీద కూర్చుంది. ఈసారి నేను వివరాలేమీ చెప్పలేదు. శాంపిళ్ళన్నీ తెచ్చి ఆమె కాళ్ళ ముందు నేల మీద పరిచి, వాటి మీద నీళ్ళు చల్లాను. ఆమె చెప్పులు విప్పి ఒక్కొక్కదాని మీద పాదం పెట్టింది. మెరిసే టైలు మీద పెట్టి "జారుతది" అంది. గ్రానైట్ మీద పెట్టి "గిది సల్లగ కుట్టినట్టుంది" అంది. సేటు పక్కనుంచి ఒక ఇటలీ పేరున్న రాయిని కణుపులతో కొట్టి "విన్నవా అమ్మా?" అన్నాడు. "నేను దాని మీద కూసోవాలె గని, దాని పాట వింటనా?" అంది. మాట బంద్ అయిన మనిషి ఈమేనా అని నాకు అనుమానమొచ్చింది.

ఏదీ నచ్చలేదు. చేయి కడుక్కుంటానంటే షోరూం వెనక్కి తీసుకుపోయాను. అక్కడ నల్లా కింద ఒక షాబాద్ బండ ఉంటుంది. మేస్త్రి దాని మీద కూర్చుని టిఫిన్ డబ్బా తింటాడు, మేమంతా దాని మీదే చేతులు కడుక్కుంటాం. నున్నగా చేసింది కాదు, ఎన్నో ఏళ్ళ నీళ్ళకు దానంతటదే అరిగింది. పెద్దమ్మ దాని మీద అడుగు పెట్టి ఆగిపోయింది. రెండో పాదం కూడా పెట్టింది. వేళ్ళు మెల్లగా ముడిచి, చాపి, మళ్ళీ ముడిచింది.

"గిది," అంది.

"అది అమ్మేది కాదమ్మా," అన్నాడు సేటు. జీవితంలో ఆయన ఆ మాట అనాల్సి వచ్చిన సందర్భం అదొక్కటే అనుకుంటాను. కానీ ఆమె దాని మీదనుంచి దిగలేదు. చివరికి సేటే కూలీల్ని పిలిచి బండను లేపించాడు. ఆ తరవాత కొన్నాళ్ళు మేము బురదలో చేతులు కడుక్కున్నాం.

ఇనుప టబ్బు సంగతి అడుగుతారని తెలుసు. అది ఇంట్లోకి పోనేలేదు. పెద్దాయన దాన్ని చేపలమ్మే షెడ్డు దగ్గర పెట్టి, నీళ్ళు నింపి, బతికున్న కొర్రమీన్లు వదిలాడు. తెల్లటి ఎనామిల్ మీద నల్లటి చేపలు, చూడటానికి జనం ఆగేవాళ్ళు, ఆగినవాళ్ళు కొనేవాళ్ళు. మా షోరూం అమ్మిన టబ్బుల్లో రోజూ నిండుగా నీళ్ళతో వాడకంలో ఉన్నది అదేనని సేటు గర్వంగా చెప్పుకునేవాడు. పడుకోవడానికి కొర్రమీనుకు అభ్యంతరం లేదు.

తొట్టి కట్టడం అయ్యాక నీళ్ళు నింపి వదిలారు. మేస్త్రి రోజూ పొద్దున వచ్చి గోడ చుట్టూ చేత్తో తడిమి చూసేవాడు. తడి తగలకపోయేసరికి ఆయన ముఖంలో దిగులు పెరుగుతూ పోయింది. "లీకైతలేదు సారూ," అని నాతో ఎవరో పోయినట్టు చెప్పాడు.

ఆమె మొదటిసారి అందులో దిగే రోజు నన్ను, మేస్త్రిని భోజనానికి పిలిచారు. చేపల పులుసు వాసన ఇల్లంతా ఉంది. కోడలు రాతి చలి పోవడానికి ముందుగా రెండు బకెట్ల వేడినీళ్ళు ఆ బండ మీద పోసి, తరవాత తొట్టి నింపింది. అత్తను లోపలికి తీసుకుపోయి, కాసేపటికి తనొక్కతే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"కూసున్నదా?" అన్నాడు పెద్దాయన.

"కూసున్నది మామా. నన్ను పొమ్మన్నది."

మేమందరం తలుపు బయట నిలబడ్డాం. బాత్రూం బయట అంతమంది మనుషులు అంత మర్యాదగా నిలబడటం నేను మళ్ళీ చూడలేదు. లోపల ఏ చప్పుడూ లేదు. పెద్దాయన ఒక బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలను చూస్తున్నాడు. కొడుకు "అమ్మా?" అని పిలవబోతే ఆయన వేలెత్తి ఆపాడు.

అప్పుడు వినబడింది. మొదట మెల్లగా ఒకసారి. తరవాత ఇంకోసారి. తరవాత ఆగకుండా, ఒక వరుసలో, రెండు అరచేతులతో నీళ్ళను కొడుతున్న చప్పుడు. తలుపు కిందినుంచి నీళ్ళు పారి మా కాళ్ళ దగ్గరికి వచ్చాయి. మేస్త్రి ముఖం ఒక్కసారి వెలిగింది. నోరు తెరిచాడు కానీ, మర్యాదకు మళ్ళీ మూసుకున్నాడు.

పెద్దాయన కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. తలుపు వైపు వంగి గట్టిగా కేకేశాడు.

"ఆగవే! వల ఇంక ఎయ్యలే!"